కోర్ జావా దాటిన తరువాత ఏ వైపు?

రాయికల్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో కంప్యూటర్ సైన్సు చదివే విద్యార్థికి జావా సాధారణంగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో పాఠ్యాంశంగా ఎదురవుతుంది. కొండగట్టు సమీపాన నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ కళాశాలలో చేరినా, 2021లో సిరిసిల్లకు వచ్చిన జేఎన్‌టీయూ కళాశాలలో చేరినా, హైదరాబాదులోని ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో చేరినా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు. తేడా ఆ తరువాతే మొదలవుతుంది. పరీక్ష గట్టెక్కి, కోర్ జావాతో, అంటే భాష మూలాంశాలతో చిన్న చిన్న ప్రోగ్రాములు సొంతంగా రాయగలిగిన దశకు చేరిన విద్యార్థి ముందు బ్యాకెండ్, ఫుల్ స్టాక్, ఆండ్రాయిడ్, డేటా ఇంజినీరింగ్, టెస్టింగ్ అనే పేర్లు ఒక్కసారిగా వచ్చి నిలుస్తాయి. వాటిలో ఒకదాన్ని ఎన్నుకోవాలన్న తొందర, ఆ ఎంపిక కోసం డబ్బు కట్టవలసిన అవసరం దాదాపు ఒకేసారి మీద పడతాయి. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో పనిచేసి పంపిన సొమ్ము, తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ము, పసుపు అమ్మగా చేతికొచ్చిన సొమ్ము హైదరాబాదులోని అమీర్‌పేటలో కోర్సు ఫీజుగా, హాస్టలు అద్దెగా మారే చోట ఇది ఇల్లంతటి నిర్ణయం అవుతుంది. కాబట్టి ఆ పేర్ల వెనుక అసలు ఏ పని ఉందో, అందులో ఏది ఎంతకాలం నిలుస్తుందో ఆ ఇంటికి తెలియజెప్పడం అవసరం.

ముందుగా జావా నడిచి వచ్చిన దారినే గమనించవచ్చు. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్, ఆయన సహచరులు ఈ భాషను మొదలుపెట్టింది ఇళ్లలో వాడే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాల కోసం. ఆ మార్కెట్టు కలిసిరాలేదు. 1995లో జావా పేరుతో లోకానికి పరిచయమైనప్పుడు దానికి పేరు తెచ్చినవి వెబ్ పేజీలో ఆడే చిన్న బొమ్మల ప్రోగ్రాములు, అంటే యాప్లెట్లు. ఇప్పుడు అవి లేవు. జావా స్థిరపడింది ఎవరికీ కనిపించని చోట, బ్యాంకులు, బీమా సంస్థలు, టెలికాం కంపెనీల సర్వర్లలో. ఒకసారి రాసిన ప్రోగ్రామును నేరుగా యంత్ర భాషలోకి కాకుండా బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపంలోకి మార్చి, ఆ రూపాన్ని ఏ కంప్యూటరు మీదైనా జావా వర్చువల్ మెషీన్ అనే సాఫ్ట్‌వేరు చేత నడిపించడం దీని ప్రత్యేకత. యంత్రాలు మార్చినా ప్రోగ్రాము మార్చనవసరం లేకపోవడం పెద్ద సంస్థలకు ఎంతో కలిసివచ్చింది. తయారుచేసినవాళ్లకే ముందుగా తెలియని గమ్యానికి ఈ భాష చేరిందంటే, దాన్ని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల విద్యార్థి జీవితకాలపు దారిని ఇప్పుడే తేల్చుకోలేకపోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సర్వర్ల మీద స్థిరపడిన తరువాత కూడా పనిముట్ల పేర్లు నిలకడగా లేవు. వెబ్ నుంచి వచ్చిన అభ్యర్థనకు జవాబిచ్చే సర్వ్‌లెట్లు 1990ల చివరలో వచ్చాయి. వాటిని ఒక క్రమంలో అమర్చే స్ట్రట్స్ ఆ వెంటనే వచ్చి, అది రాకపోతే జావా ఉద్యోగమే రాదన్నంతగా కొన్నేళ్లు రాజ్యమేలింది. 2004లో స్ప్రింగ్ తొలి రూపం, 2014లో స్ప్రింగ్ బూట్ విడుదలయ్యాయి. మధ్యలో 2013లో స్ట్రట్స్ మొదటి తరానికి ఇక మద్దతు లేదని దాన్ని నడిపిన అపాచీ సంస్థే ప్రకటించింది. స్ట్రట్స్‌ను మాత్రమే బట్టీ పట్టినవారికి అది దెబ్బ. అభ్యర్థన ఎలా వస్తుంది, డేటాబేసులో పట్టికలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయి, ఒకేసారి నడిచే రెండు పనులు ఒకదాన్నొకటి ఎలా చెడగొట్టుకుంటాయి, కంప్యూటరు మెమరీ ఎక్కడ వృథా అవుతుంది అన్నవి తెలిసినవారు మాత్రం కొద్ది నెలల్లో స్ప్రింగ్‌లోకి మారగలిగారు. సిరిసిల్లలో సాంచా, అంటే మరమగ్గం నడిపే కార్మికుడు, వార్పిన్ కార్మికుడు, వైపని కార్మికుడు ముగ్గురివీ వేర్వేరు పనులైనా నూలు తీరు ముగ్గురికీ తెలిసి ఉన్నట్టే, ఏ ప్రత్యేకతలోకి వెళ్లినా ఈ నాలుగు విషయాలు చేతికి తెలిసి ఉండాలి.

పునాది ఎంతవరకు ఉందో పరీక్షించుకోవడానికి తెలుగువారికి తెనాలి రామకృష్ణుడి బిరుదుకన్నా మంచి సాధనం దొరకదు. ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తించే ప్రోగ్రాము జావా ల్యాబులో దాదాపు ప్రతి విద్యార్థీ రాస్తాడు. ఆ ప్రోగ్రాముకు ‘వికటకవి’ అన్న మాట ఇస్తే, అది రెండు వైపులా ఒకేలా లేదని జవాబు వస్తుంది. తెలుగు చదివేవారికి అందులో వి, క, ట, క, వి అని ఐదు అక్షరాలే కనిపిస్తాయి. జావాకు మాత్రం ఏడు సంకేతాలు కనిపిస్తాయి, ఎందుకంటే యూనికోడ్ పద్ధతిలో ‘వ’కు ఒక సంఖ్య, దాని మీది గుడికి మరో సంఖ్య విడివిడిగా ఉంటాయి. ప్రోగ్రాము ఆ ఏడింటినీ తిరగేసినప్పుడు చివరి గుడి తన అక్షరాన్ని వదిలి అన్నిటికన్నా ముందుకు వచ్చి ఒంటరిగా నిలబడుతుంది, మొదటి ‘వ’కు చెందిన గుడి పక్కనున్న ‘క’కు తగులుకుంటుంది, దానితో పోలిక తప్పుతుంది. ఇది జావా లోపం అనలేము. కంటికి కనిపించే అక్షరాల హద్దులను గుర్తించడానికి బ్రేక్ ఇటరేటర్ అనే సదుపాయం అందులోనే ఉంది. ఇక్కడ తేలేది విద్యార్థి స్వభావం. జవాబు తప్పు రాగానే ఎందుకు వచ్చిందో తెలిసేదాకా సంకేతాలను ఒక్కొక్కటిగా అచ్చువేసి చూసేవారికి ఏ ప్రత్యేకతైనా అందుతుంది. ఇంగ్లీషు మాట ఇచ్చి పని అయిందనిపించుకునేవారు ఇంకో ఆరు నెలలు కోర్ జావా మీదే ఉండడం మేలు.

ప్రత్యేకతలలో అన్నిటికన్నా విశాలమైనది, జావాకు నిజంగా సొంతిల్లు అనదగినది బ్యాకెండ్. తెరమీద కనిపించే బొత్తాముల వెనుక లెక్కలు చేసే, రికార్డులు దాచే, నియమాలు అమలుపరిచే భాగానికి ఆ పేరు. ఇందులోని పని స్వభావం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒకరి పొదుపు ఖాతాలో 10,000 రూపాయలున్నాయనుకుంటే, ఆయన భార్య కోరుట్లలో ఏటీఎం నుంచి 6,000 తీస్తున్న క్షణంలోనే బండి లోను కిస్తీ 5,000 బ్యాంకు దానంతటదే కోసుకుంటోంది. మొదటి పని ఖాతా చూసి 10,000 ఉన్నాయని చదువుకుంటుంది. అది పూర్తికాక ముందే రెండో పని కూడా 10,000 ఉన్నాయనే చదువుకుంటుంది. రెండిటికీ డబ్బు సరిపోయినట్టే కనిపిస్తుంది. మొదటిది మిగులు 4,000 అని రాస్తుంది, ఆ వెంటనే రెండోది మిగులు 5,000 అని దాని మీద రాస్తుంది. ఖాతా నుంచి 11,000 బయటికి పోయినా పుస్తకంలో ఇంకా 5,000 కనిపిస్తాయి.

దీనికి విరుగుడుగా కొత్తగా స్ప్రింగ్ నేర్చినవారు ప్రోగ్రాము భాగానికి పైన ‘ట్రాన్సాక్షనల్’ అనే గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఆ గుర్తు చేసే మేలు నిజమే: అందులోని పనులు జరిగితే అన్నీ జరగాలి, ఒకటి తప్పితే అన్నీ వెనక్కి రావాలి అన్న హామీని అది ఇస్తుంది. కానీ ఇద్దరు ఒకే మిగులును ఒకేసారి చదవకుండా ఆపడం ఆ గుర్తు ఒక్కదానితో కాదు. ఖాతా రికార్డుకు పని పూర్తయ్యేదాకా తాళం వేయాలి, లేదా ప్రతి మార్పుకూ ఒక సంచిక సంఖ్య పెట్టి, తాను చదివిన సంచిక ఇంకా మారలేదని నిర్ధారించుకున్నాకే రాయాలి. ఇటువంటిదే మరొక చిక్కు, నెట్ ఆగిపోయి జవాబు రానందున ‘చెల్లించు’ బొత్తామును రెండోసారి నొక్కినవారి డబ్బు రెండుసార్లు పోకుండా చూడడం. దానికి ప్రతి అభ్యర్థనకూ మొదట్లోనే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్లీ వస్తే పాత జవాబునే తిప్పి పంపాలి. తప్పు జరిగితే ఒక కుటుంబం నెల ఖర్చు గల్లంతయ్యే ఇలాంటి చోట ముందుగానే తప్పులన్నీ ఊహించగల నిదానం ఉన్నవారికి బ్యాకెండ్ తృప్తినిస్తుంది. ఇంటికి వచ్చి అమ్మానాన్నలకు తెరమీద చూపించడానికి ఇందులో ఏమీ ఉండదన్న సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి.

బ్యాకెండ్‌లోనే ఉంటూ ఎవరూ కోర్సుగా అమ్మని ఒక ప్రత్యేకత, పాత వ్యవస్థలను కొత్త రూపానికి తేవడం. 2014లో వచ్చిన జావా 8 మీద కట్టిన వ్యవస్థలు ఇప్పటికీ సంస్థల్లో నడుస్తున్నాయి. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ మూడో తరం మాత్రం జావా 17కు తక్కువైతే నడవదు. పైగా ‘జావాక్స్’ అనే పేరుతో మొదలయ్యే అనేక గ్రంథాలయాలు, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము భాగాలు, ‘జకార్తా’ పేరుకు మారినందువల్ల వేల వరుసలను వెతికి దిద్దవలసి ఉంటుంది. ఇలా ఇతరులు రాసిన భాగాల మీద ఆధారపడడంలోని ప్రమాదం 2021 డిసెంబరులో ప్రపంచమంతా చూసింది. ప్రోగ్రాము దినచర్యను నమోదు చేయడానికి జావా లోకమంతా వాడే లాగ్‌ఫర్‌జే అనే గ్రంథాలయంలో, బయటివారు పంపిన ఒక వాక్యాన్ని నమోదు చేసినంతమాత్రాన వారి ప్రోగ్రామే సర్వరులో నడిచే లోపం బయటపడింది. సెలవులు మానుకొని ఎక్కడెక్కడ ఆ గ్రంథాలయం దాగి ఉందో వెతికి మార్చినవారు ఆకర్షణీయమైన కొత్త పనిముట్లు తెలిసినవారే కానక్కరలేదు. పాత కోడ్ ఓపికగా చదవగలిగినవారు. ఈ పనికి మన దగ్గర గౌరవం తక్కువ, అవసరం ఎక్కువ.

ఆండ్రాయిడ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చాలా ఏళ్లు ఫోను యాప్‌లు జావాలోనే రాశారు. 2017లో గూగుల్ కోట్లిన్ భాషకు అధికారిక స్థానం ఇచ్చి, 2019 నుంచి దానికే ముందుపీట వేసింది. కోట్లిన్ కూడా జావా వర్చువల్ మెషీన్ కోసమే పుట్టిన భాష కాబట్టి నేర్చిన జావా వృథా పోదు గాని, ఈ దారి పట్టేవారు మొదటి రోజునుంచే కోట్లిన్‌కు సిద్ధపడాలి.

డేటా ఇంజినీరింగ్ సంగతి కొంత భిన్నం. రోజుకు కోట్ల సంఖ్యలో పుట్టే రికార్డులను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చి, శుభ్రపరిచి, లెక్కలకు సిద్ధం చేసే పని అది. ఆ రంగానికి దారి వేసిన హడూప్‌ను జావాలోనే రాశారు. లింక్డిన్ సంస్థలో పుట్టి 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కాఫ్కా, అలాగే స్పార్క్ కూడా జావా వర్చువల్ మెషీన్ మీదే నడుస్తాయి. అయినా అక్కడ రోజువారీ చేతిపని ఎక్కువగా ఎస్‌క్యూఎల్, పైథాన్‌లలో సాగుతుంది; జావా తెలిసినవారికి అక్కరకొచ్చేది ఆ యంత్రాంగం మొరాయించినప్పుడు లోపలికి చూడగల శక్తి.

టెస్టింగ్ విషయంలో మన ఇళ్లలో ఒక అన్యాయమైన అభిప్రాయం పాతుకుపోయింది. కోడింగ్ రానివాళ్లే టెస్టింగ్‌కు వెళ్తారన్న మాట పెళ్లి సంబంధాల దగ్గర కూడా వినిపిస్తుంది. మనిషి చేతితో బొత్తాములు నొక్కి చూసే పద్ధతి తగ్గి, సెలీనియం, జేయూనిట్ వంటి పనిముట్లతో పరీక్షలను కూడా ప్రోగ్రాములుగా రాసే పద్ధతి వచ్చాక ఆ మాటలో నిజం ఎంతమాత్రం మిగలలేదు. పైన చెప్పిన ఏటీఎం పొరపాటును విడుదలకు ముందే పట్టుకోవాలంటే, రెండు పనులు సరిగ్గా ఒకే క్షణంలో ఖాతాను తాకే పరిస్థితిని పరీక్ష రాసేవారు సృష్టించాలి. అది రాయడం ఆ ప్రోగ్రామును రాయడంకన్నా తేలికేమీ కాదు.

ఇక ‘జావా ఫుల్ స్టాక్’ అన్న మాట. తెరమీది భాగం, వెనుక భాగం రెండూ ఒక్కరే చేయగలగడం అని దాని అర్థం. అనుభవజ్ఞులలో అటువంటివారు ఉన్నారు, చిన్న సంస్థలకు వారు ఎంతో విలువైనవారు. నాలుగు నెలల్లో జావా, స్ప్రింగ్ బూట్, రియాక్ట్, డేటాబేసు, క్లౌడ్ అన్నీ వస్తాయని బోర్డు పెట్టినప్పుడు మాత్రం ప్రతిదాన్నీ మూడు వారాలు తాకి వదిలేయడమే జరుగుతుంది. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల దశాబ్దాలుగా నడుస్తున్న శిక్షణ కేంద్రాలు ఎన్నో జిల్లాల పిల్లలకు దారి చూపిన మాట వాస్తవం. కోర్ జావాను ఓపికగా, తెలుగులో అర్థమయ్యేలా విడమరచి చెప్పిన ఉపాధ్యాయులకు ఈ ప్రాంతం ఋణపడి ఉంది. అయితే కోర్సుతో పాటు మూడేళ్ల అనుభవ పత్రం కూడా ఇప్పిస్తామనేవారి దగ్గరికి వెళ్లకూడదు. కంపెనీలు పాత ఉద్యోగ వివరాలను పరిశీలిస్తాయి, దొరికినప్పుడు ఉద్యోగంతో పాటు పేరు కూడా పోతుంది. దొరకకపోయినా, మూడేళ్ల అనుభవం ఉన్నవారికి ఇచ్చే పని మొదటి వారంలోనే చేతికి వస్తుంది, దాన్ని చేయలేని పిల్లవాడు ప్రతి రోజూ భయపడుతూ బతుకుతాడు.

వాస్తవంలో మొదటి ప్రత్యేకతను చాలామందికి కంపెనీయే నిర్ణయిస్తుంది. పెద్ద సేవా సంస్థలో చేరిన ఫ్రెషరు శిక్షణ ముగిశాక కొంతకాలం బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ ఉండి, ఖాళీ ఉన్న చోటికి వెళ్తాడు. అది సపోర్ట్ ప్రాజెక్టు, అంటే నడుస్తున్న వ్యవస్థలో వచ్చే సమస్యలను చూసే పని అయితే తన చదువు బూడిదలో పోసినట్టయిందని కుంగిపోయేవారు ఎక్కువ. రాత్రి షిఫ్టులు ఆరోగ్యాన్ని తినేమాట నిజమే. కానీ నిజమైన వాడకంలో వ్యవస్థ ఎక్కడ విరుగుతుందో చూడడానికి సపోర్ట్‌కు మించిన చోటు లేదు: లాగ్‌లో స్టాక్ ట్రేస్, అంటే తప్పు జరిగిన చోటి నుంచి మొదలై ఏ భాగాన్ని ఏది పిలిచిందో చెప్పే జాబితా చదివి, టికెట్‌ను, అంటే నమోదైన ఫిర్యాదును డెవలపర్లకు పంపేముందు కారణం తానే వెతికి రాయగలిగినవారిని డెవలప్‌మెంట్ బృందాలు తమంతట తాము అడిగి తీసుకోవడం కద్దు. అక్కడ ఏడాదిన్నరకు పైగా ఉండి కూడా కోడ్ తెరవని పరిస్థితే ఉంటే లోపలి బదిలీకో, మరో కంపెనీకో ప్రయత్నించడం న్యాయం.

ఫ్రేమ్‌వర్కుల సందడిలో ఎవరూ పట్టించుకోని మరో ప్రత్యేకత రంగజ్ఞానం. ఋణాలపై వడ్డీ ఎలా కడతారు, బీమా క్లెయిము ఏయే మెట్లు దాటుతుంది, విదేశం నుంచి పంపిన డబ్బు ఇక్కడి ఖాతాకు చేరేలోగా ఎన్ని చేతులు మారుతుంది అన్నవి తెలిసిన జావా ప్రోగ్రామరుకు పనిముట్లు మారినా గిరాకీ తగ్గదు. గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము లెక్కలు చిన్ననాటి నుంచీ ఇంట్లో వింటూ పెరిగిన జగిత్యాల, సిరిసిల్ల పిల్లలకు ఈ విషయంలో నగరపు పిల్లలకన్నా ఎక్కువే తెలుసు, కాకపోతే అది అర్హత అని వారికి ఎవరూ చెప్పలేదు.

2022 చివర నుంచి కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు విస్తరించాక, ఇక ఫ్రెషర్లతో పని ఏముంటుందన్న భయం బలపడింది. రోజంతా ఒకే తీరు కోడ్ రాసే పని తగ్గడం ఖాయంగానే కనిపిస్తోంది. అయితే అదే ఖాతా ఉదాహరణలో ఆ సాధనం రాసిన కోడ్‌కు తాళం ఉందో లేదో చూసి చెప్పే బాధ్యత మనిషిదే, డబ్బు పోతే జవాబు చెప్పవలసిందీ మనిషే. పునాది లేకుండా పై పేర్లు నేర్చినవారికి ఈ మార్పు మరింత కష్టం తెస్తుంది.

ఎంపికకు ముందు ప్రతి దారినీ కొద్దికొద్దిగా నడిచి చూడడానికి ఖర్చు పెద్దగా అవసరం లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుడు దేబాసిస్ సమంత జావా పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా ఉన్నాయి. జావా, డేటాబేసు సాఫ్ట్‌వేర్లు డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. మెట్‌పల్లి మార్కెట్టు యార్డులో పసుపు అమ్మకం వంటి తెలిసిన వ్యవహారాన్ని ఒకదాన్ని తీసుకొని నాలుగు వైపుల నుంచి కట్టి చూడవచ్చు. రైతు తెచ్చిన లాటు, బరువు, తేమ, పలికిన ధర నమోదు చేసే బ్యాకెండ్ ఒక నెల. రైతు తన ఫోనులో ధర చూసుకునే చిన్న యాప్ మరో నెల. మొత్తం సీజను ధరలను రోజువారీగా, రకాలవారీగా తేల్చే లెక్కలు ఇంకో నెల. వీటన్నిటికీ పరీక్షలు చివరి నెల. ఇద్దరు వ్యాపారులు ఒకే లాటుకు ఒకే ధర ఒకే క్షణంలో పంపితే ఎవరిది ముందని తేల్చడం దగ్గర రాత్రి ఎంతయిందో గమనించని విద్యార్థి బ్యాకెండ్ మనిషి. గత పదేళ్ల ధరలు కూడా తెచ్చి కలిపితే ఎలా ఉంటుందని అడిగేవాడికి డేటా వైపు మొగ్గు ఉంది. రైతుకు ఆ సంఖ్య పెద్ద అక్షరాల్లో కనిపించాలని తెరను పదిసార్లు మార్చేవాడు యాప్‌ల వైపు వెళ్లవచ్చు. తేమ శాతం గడిలో ఎవరైనా 500 అని కొడితే ఏమవుతుందని మొదటి రోజే అడిగినవాడిని టెస్టింగ్‌కు వెళ్లవద్దని వారించడం పొరపాటు. 2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ ప్రారంభమైన తరువాత, ఇలాంటి ప్రాజెక్టు చేతపట్టుకొని వెళ్లి చూపించదగిన కార్యాలయాలు జగిత్యాల నుంచి గంటన్నర బస్సు ప్రయాణంలోకి వచ్చాయి.